మా మేనత్త తోటకు తాళమేసినవాడు

మొన్న పొద్దున్నే మామ ఫోన్ చేసి, "అబ్బీ, మీ అత్త పోయిందిరా" అన్నాడు. ప్రొద్దుటూరులో బస్సెక్కి కూర్చున్నాక గానీ నాకు ఏడుపు రాలేదు. ఏడుపుతో పాటు కోపమూ వచ్చింది. ఆమె గుర్తొస్తే ఇప్పటికీ అంతే, ఆమె ఎవరిని తిట్టేదో వాళ్ల మీద నాకూ మండుతుంది.

మా మేనత్తకు పులివెందుల దగ్గర చీనీ తోట, అంటే బత్తాయి తోట. మెత్తగా మాట్లాడటం ఆమెకు చేతకాదు. చుట్టం వస్తే తిన్నావా అని అడగదు, కంచం ముందుకు తోసి "తిను" అంటుంది. చెట్టు కింద రాలిన పిందె కనిపిస్తే మాత్రం చేతిలోకి తీసుకుని కాసేపు ఊరికే నిలబడేది.

కొన్నేళ్ల కిందట మా వైపు సెల్లు స్టార్టర్లు వచ్చాయి. ఇంట్లో కూర్చుని ఫోన్ నొక్కితే తోటలో మోటారు తిరుగుతుంది. కరెంటు ఏ వేళ వస్తుందో తెలియని రైతుకు ఇంకేం కావాలి? చేత్తో వేసే పాత స్టార్టర్లను పాత సామాన్లవాడికి అమ్మేశాం. కొత్తదాంట్లో వేసిన సిమ్ నంబరూ, దాని రహస్య సంఖ్యా మోటారు గది గోడ మీద ఎర్ర రంగుతో పెద్దగా రాయించాం. మనం ఊర్లో లేకపోయినా పక్క తోటవాడు మోటారు వేస్తాడని! అది మా మంచితనమే, కాదనను. కానీ ఆ గోడ ముందే కాయల గంపలతో ఫొటోలు దిగి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టుకున్నాం చూడండి, అక్కడ మునిగాం.

ఆ ఎండాకాలం, చెట్ల నిండా పిందె ఉండగా, అత్త మోటారు పలకడం మానేసింది. ఎవడో రహస్య సంఖ్య మార్చేశాడు. మధ్యాహ్నానికి మామకు ఫోన్ వచ్చింది. డబ్బు పంపితే కొత్త సంఖ్య చెబుతాడట. చుట్టుపక్కల ఇంకొన్ని తోటలకూ అదే గతి. కొందరు అప్పటికే గుట్టుగా పంపేసి నోరు మూసుకున్నారు. నీళ్లు లేకపోతే పిందె నిలవదు, ఏడాది బతుకంతా ఆ కొమ్మల మీదే ఉంది.

"ఇచ్చేద్దాంలేమే, చెట్లు ఎండిపోతాండాయి" అన్నాడు మామ.

"ఇచ్చేది ల్యా! ఈ పొద్దు దుడ్లిస్తే రేపు మళ్లా చేస్తాడు. నా బోరుకు తాళమెయ్యను వాడెవడు?"

"పోలీసుల కాడికి పోతే ఊర్లో పరువు పోతాది."

"దొంగకు ల్యాని సిగ్గు మనకెందుకయ్యా?"

నన్ను వెంటబెట్టుకుని పులివెందుల స్టేషన్‌లో ఫిర్యాదు రాయించింది. అక్కడి నుంచి నేరుగా ప్రొద్దుటూరు, స్టార్టర్ అమ్మిన దుకాణానికి. "చేత్తో ఏసే బొత్తాం ల్యాని పెట్టె నాకెందుకు అంటగడ్తివప్పా? సెల్లు చస్తే నా చెట్లూ చావాల్నా?" అంటూ గల్లా ముందే కూర్చుంది. కొనడానికి వచ్చినవాళ్లు వెనక్కి తిరిగిపోవడం చూశాక దుకాణదారు, ఫోనుతో పాటు చేత్తోనూ వేసే బొత్తాం ఉన్న పెట్టె ఇచ్చి మెకానిక్‌ను కూడా తోడు పంపాడు. మరునాటికి నీళ్లు పారాయి. అప్పటికే తూర్పు వైపు చెట్ల పిందె చాలా వరకు రాలిపోయింది. అత్త ఏడ్చింది, నేను చూశాను. డబ్బు పంపి ఉంటే మిగిలేదేమోనని ఎవరో అనబోతే, ఆ ఏడుపు మధ్యలోనే వాళ్లను దులిపేసింది.

తర్వాత ఆ ఎర్ర సంఖ్యలు చెరిపేయడానికి సున్నం బకెట్టు, కుంచె పట్టుకుని ఊరి మోటారు గదుల గోడల మీద పడింది. ఎవరినీ అడగలేదు. గట్టు తగాదా ఉన్న పక్క తోట ఆయన గోడనూ వదల్లేదు. ఆయన పరుగెత్తుకొచ్చాడు.

"నా గోడ మీద నీ సున్నమేందక్కా?"

"గోడ నీదేలేప్పా. నీళ్లు ఎవని చేతిలో ఉండాయో చెప్పు ముందు."

ఆయన మీసం దువ్వుకుని బకెట్టు అందుకున్నాడు. ఇద్దరూ కలిసి చాలా గోడలు తెల్లగా చేశారు. గట్టు తగాదా మాత్రం అలాగే ఉంది.

జమ్మలమడుగులో మా పొలం స్టార్టర్ సంఖ్యను కూడా దగ్గర కూర్చుని ఆమే మార్పించింది. కొత్తది ఏం పెట్టానో చెప్పబోతే రెండు చెవులూ మూసుకుని, "నాకూ చెప్పొద్దురా ఎర్రి నాయాలా!" అని అరిచింది. ఆ తిట్టు తిన్నందుకు నేను ఆమెకు రుణపడి ఉన్నాను.

ఆ దొంగ దొరకలేదు. పంట మీద చెయ్యి వేయడానికి ఇప్పుడు ఎవడూ గట్టు దాటి రానక్కర్లేదు, ఎక్కడో నీడపట్టున కూర్చుని ఫోన్ పట్టుకుంటే చాలు. వాడు మళ్లీ వస్తాడని అత్త అంటూనే ఉండేది.

దహనమైన మరునాడు వాకిట్లో అందరం కూర్చుని ఉండగా అత్త ఫోన్ మోగింది. మామ తీశాడు. ఆయనకు చెవి సరిగా వినపడదు, స్పీకర్ పెట్టాడు. స్టార్టర్ కంపెనీ నుంచట, మరమ్మతు కోసం రహస్య సంఖ్య కావాలట. గొంతు ఎంత మర్యాదగా ఉందో!

"మేడమ్ లేరా సార్? పర్వాలేదు, మీరు చెప్పండి."

మామ ఫోన్ నోటి దగ్గర పెట్టుకున్నాడు. "ఆమె పోయిందప్పా. నేనుండాగా. చెప్పను, ఏం చేసుకుంటావో చేసుకో."

ఫోన్ పెట్టేసి, తువ్వాలు నెత్తిన వేసుకుని, చేత్తోనే బొత్తాం నొక్కి నీళ్లు పెట్టడానికి తోట దారి పట్టాడు. ముందు పక్క తోట ఆయన లేచాడు. ఆ తర్వాత, పలకరించడానికి వచ్చినవాళ్లంతా లేచి ఆ ఎండలో మామ వెనకే నడిచారు.