కాదనలేని నోరు

సూరన్న మంగలి. తండ్రి పోయాక అమలాపురంలో పళ్లు పీకే పనికి దిగి రెండు నెలలైంది. కరణంగారి అరుగు మీదైతే అతని తీరే వేరు. పట్టకారు కండువాలో దాచి, ముందు కుశలం అడిగేవాడు. "ఇదాండీ? పక్కదాండీ?" అంటూ వేపపుల్లతో ఒక్కో పన్నూ తట్టేవాడు. ఆయన "ఆఁ, అదేరా" అన్నాకనే పట్టకారు బయటికి వచ్చేది.

మాలపేట వాళ్లకి మంగలి పని చెయ్యకూడదని ఊరి కట్టుబాటు. అయినా, ఆనకట్ట కాలువ తవ్వే పోలయ్య వాచిన బుగ్గతో వచ్చి దూరంగా నిలబడితే జాలిపడి, కొబ్బరితోట వెనక్కి తీసుకుపోయేడు. ఎవరైనా చూస్తారేమోనన్న భయంతో గబగబా నోరు తెరిపించి ఒక్కసారే అడిగేడు.

"ఇదేనా?"

"చిత్తం బాబూ."

పీకేడు. అరచేతిలో పన్ను తెల్లగా, గట్టిగా, ఎక్కడా పుచ్చు లేకుండా ఉంది.

"ఇది కాదా?"

పోలయ్య నెత్తురు ఉమ్మి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "దాని పక్కదండి."

"మరి చిత్తమన్నావేంరా?"

"తమరు ఇదేనా అన్నారు. తమరితో కాదని ఎలాగంటానండి?"

సూరన్నకి అప్పుడు తెలిసింది. పుట్టినప్పట్నించీ ఎవరూ కాదననివ్వని మనిషిని ఒక్కసారే అడిగి ఊరుకున్నాడు. కరణంగారినైతే పదిసార్లు అడిగేవాడు. అది తలుచుకుని పట్టకారు నేల మీద పడేసేడు.

అది చూసి పోలయ్యే అతణ్ణి ఓదార్చేడు.

"పోనివ్వండి బాబూ. అదీ ఎప్పుడో ఒకప్పుడు నొప్పెట్టేదే కదండి."