షహజాది ముక్కు

మా గోదావరిఖనిలో విమానం అంటే ఆకాశంలో కనబడేదే తప్ప మనుషులు ఎక్కేది కాని కాలం ఒకటుండేది. దాని చప్పుడు వినబడితే చాలు, అన్నం ముందు కూర్చున్న పిల్లలం ఎంగిలి చేతులతోనే బయటికి ఉరికేవాళ్లం. డ్యూటీకి బయల్దేరిన మా బాపు కూడా సైకిలు ఆపి, ఒక కాలు నేలకు ఆనించి, అది మబ్బులో కలిసేదాకా చూసి గాని పెడలు తొక్కేవాడు కాదు. బొగ్గు గనుల్లో రోజూ భూమి లోపలికి దిగే మా వాళ్లకు పైకి వెళ్లే సంగతులు ఏం తెలుస్తాయి? అలాంటి కాలంలో, విమానం ఎక్కాలంటే ముక్కు ఎంత పొడుగుండాలన్న ప్రశ్న మీద మా క్వార్టర్ల లైను లైనంతా తలలు బద్దలు కొట్టుకుందంటే మీరు నమ్మకపోవచ్చు. కొట్టుకుంది. అందరికంటే గట్టిగా కొట్టుకున్నదాన్ని నేనే.

మా క్వార్టర్ల వెనక సందులో, మేమంతా ఖాలా (పిన్ని) అని పిలిచే ఆమె ఇల్లు. ఆమె భర్త జీపులు, లారీలు బాగుచేసే మెకానిక్. గనిలో కొత్త యంత్రాలు బిగించడానికి వచ్చిన ఒక విదేశీ ఇంజనీరు జీపు కూడా ఆయన చేతి మీదుగానే నడిచేది. ఆ దొర తన దేశం వెళ్లిపోతూ, కళ్లు తుడుచుకుంటూ, తన పిల్లిని తెచ్చి మెకానిక్ చేతుల్లో పెట్టి పోయాడు. (అంత ప్రేమున్నవాడు వెంట ఎందుకు తీసుకుపోలేదని అప్పుడు మాకెవరికీ అనుమానం రాలేదు.) అది పర్షియన్ జాతి పిల్లి. పేరు షహజాది, అంటే రాజకుమారి. ఒళ్లంతా తెల్లని బొచ్చు, కానీ మా బొగ్గు దుమ్ములో అది తెల్లగా కనబడేది స్నానం చేయించిన కాసేపు మాత్రమే. గుండ్రటి ముఖం మధ్యలో ఎవరో బొటనవేలితో నొక్కినట్టు లోపలికి పోయిన ముక్కు. ఆ ముక్కుతో అది పెట్టే గురక గోడ దాటి మా ఇంట్లోకి వినబడేది. మా అమ్మ మొదట్లో ఖాలా వాళ్లింటికి లావుపాటి చుట్టమెవరో వచ్చారనుకుంది.

తర్వాత కొన్నాళ్లకు ఆ మెకానిక్ దుబాయి వెళ్లాడు. ఒక వేసవిలో ఖాలాకూ, కూతురు గుడియాకూ వీసాలు వచ్చాయి. సందంతా మిఠాయి పంచారు. గుడియా మాత్రం మంచం కిందికి దూరి కూర్చుంది. షహజాది రాకపోతే తానూ రానని ఒకటే మాట. ఖాలా మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. "బేటీ, నువ్వు జానవర్ల చదువు చదువుతున్నవు గదా, జర ఫోన్ చేసి అడుగు. పిల్లికి గూడ టికెట్ ఇస్తరా?" నేనప్పుడు డిగ్రీలో జంతుశాస్త్రం చదువుతున్నాను. అంటే నాలుగు కప్పలను, కొన్ని బొద్దింకలను కోసి ఉన్నాను. ఆ అధికారంతో ఎస్టీడీ బూత్‌కు వెళ్లి, హైదరాబాదులోని విమానాల ఆఫీసుకు ఫోన్ చేసి, నాకొచ్చిన ఇంగ్లీషంతా ఖర్చుపెట్టి వచ్చాను.

"ఏమన్నరు బేటీ?"

"చప్పిడి ముక్కు జాతి పిల్లుల్ని, కుక్కల్ని ఎక్కించుకోరట ఖాలా. అందులోనూ ఎండాకాలం అసలే ఎక్కించుకోరట."

"యా అల్లా! నా ముక్కు ఎట్లున్నదని ఎవ్వరు అడగలే, దాని ముక్కుతోని ఏం పని?"

మా బాపు తువ్వాలు భుజాన వేసుకుంటూ, "గనిల మాకు పని చెప్పే ఓవర్‌మన్‌కు చెప్పాలె. పాపం, ఆయనకు గూడ విమానం లేనట్టే," అన్నాడు.

సరిగ్గా అప్పుడే తానాలవ్వ వచ్చింది. మా లైనులో పుట్టిన ప్రతి పసిబిడ్డనూ కాళ్ల మీద పడుకోబెట్టుకుని, నూనె రుద్ది, తానం పోసి, ముక్కులు గుంజి, తలలు గుండ్రంగా ఒత్తిన చేతులు ఆమెవి. సంగతంతా విని నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ముక్కేనా అడ్డం? గింత దానికా ఏడుపు? ఈ లైన్ల ఎవని ముక్కు నేను గుంజలే? నువ్వు పుట్టినప్పుడు నీ ముక్కు మిరపబజ్జి లెక్కుండె. యాదున్నదా?" (నాకెలా యాదుంటుంది!)

"అవ్వా, పిల్లి పుర్రె ఎముకే అట్ల ఉంటది. గుంజితే రాదు," అన్నాను, పుస్తకం గుర్తు తెచ్చుకుంటూ.

"నీకు ఎముక లేదా మరి?" అంది అవ్వ. నేను నా ముక్కు ఎముక తడిమి చూసుకున్నాను.

మర్నాటి నుంచి షహజాదికి వైద్యం మొదలైంది. అవ్వ వాకిట్లో కాళ్లు చాపుకుని కూర్చుని, పిల్లిని మోకాళ్ల మధ్య పడుకోబెట్టి, గోరువెచ్చని నువ్వుల నూనెతో ముక్కు పైనుంచి కిందికి లాగడం మొదలుపెట్టింది. మొదట్లో అది అవ్వ మోచేతులు గీరి, గోడెక్కి, గనిలో బొగ్గు పేల్చే బ్లాస్టింగ్ చప్పుడుకు కూడా దిగనంత భయంతో అక్కడే కూర్చునేది. రానురాను దానికి ఆ సుఖం అలవాటైంది. అవ్వ రావడం ఆలస్యమైతే గడప దగ్గర ఎదురుచూసేది. ఆమె కాళ్లు చాపడమే తరువాయి, వచ్చి వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకునేది. నేను కంపాస్ బాక్సులోని స్కేలు పట్టుకుని పక్కన కూర్చునేదాన్ని. "పెరిగిందా అక్కా?" అని గుడియా నా భుజం మీదుగా వంగేది. ఒకరోజు నిజంగానే పెరిగిందని గట్టిగా అరిచాను కూడా. (అది ముక్కు చివర నిలిచిన నూనె చుక్క.)

ప్రయాణం దగ్గరపడింది. పశువుల డాక్టరు కాగితం లేనిదే విమానాల వాళ్లు మాటే వినరన్నారు. నేనూ, ఖాలా, అవ్వా, పిల్లి ఉన్న బుట్టను గట్టిగా పట్టుకున్న గుడియా ఆటోలో బయల్దేరాం. దారిలో అవ్వ మరో ఉపాయం చెప్పింది. "ముక్కు జర తక్కువైతె ఏమాయె, నాటు పిల్లి అని రాయమందాం."

డాక్టరు బుట్ట మూత తీసి, వాసన చూసి, "దీనికి గింత నూనె ఎందుకు పెట్టిన్రు?" అన్నాడు.

అవ్వే చెప్పింది. "ముక్కు లేవాలని సారూ."

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, కళ్లు తుడుచుకునేదాకా నవ్వాడు. ఖాలా ఇదే అదననుకుని, "సాబ్, నాటు పిల్లి అని రాయున్రి. మీ పేరు మీద అల్లాకు దువా చేస్త," అంది. దాంతో ఆయన నవ్వు ఆగిపోయింది. పిల్లిని ఎత్తి బల్ల మీద పెట్టాడు. అది నోరు తెరుచుకుని, నాలుక బయటపెట్టి, డొక్కలు ఎగరేస్తూ రొప్పుతోంది.

"చూడమ్మా. కాలనీ నుంచి ఈడిదాక వచ్చేటాల్లకే గిట్లున్నది. ముక్కు పొడుగున్న జానవర్లకు వేడి గాలి ముక్కులనే జర సల్లబడి లోపలికి పోతది. దీనికి ఆ జాగ లేదు. విమానం అడుగున సామాన్ల కాడ పెడుతరు, ఊపిరాడకుంటె ఆడ ఎవరు చూస్తరు? రాసుడు నిమిషం పని. దుబాయిల దిగి బుట్ట తెరిచేటప్పుడు నీ బిడ్డ నీ పక్కనే ఉంటది గదా?"

ఖాలా గుడియా వైపు చూసింది. దుపట్టా తల మీదికి లాక్కుని, "వద్దు సాబ్," అంది మెల్లగా. తిరుగు ప్రయాణంలో ఆటోలో షహజాది ఇంకా రొప్పుతూనే ఉంది. గుడియా బుట్ట మూత తెరిచి ఉంచి, దారంతా తన నోటితో దానికి గాలి ఊదుతూ వచ్చింది.

బయల్దేరే రోజు ఖాలా కూతురికి ఎలా నచ్చజెప్పాలో తెలియక నన్ను పిలిచింది. ఏం చెప్పాలో రాత్రంతా ఆలోచించి తయారుచేసుకున్నదంతా తలలో పెట్టుకుని వెళ్లాను. గుడియా ఇంట్లో లేదు. పిల్లిని చంకనెత్తుకుని తానే తానాలవ్వ దగ్గరికి పోయింది. నేను అక్కడికి వెళ్లేసరికి అవ్వ ఎవరిదో బిడ్డకు తానం పోసి తల్లికి అందిస్తోంది. ఆ కాళ్లు ఖాళీ కాగానే షహజాది గుడియా చంకలోంచి దూకి వెళ్లి వెల్లకిలా పడుకుంది. గుడియా వాళ్ల పక్కనే కూర్చుంది.

"అవ్వా, రోజు గుంజుతవా?"

"గుంజుత బిడ్డా. నువ్వు మళ్లొచ్చేటాల్లకు చిలక ముక్కు లెక్క చేసి పెడుత."

"వద్దవ్వా. ముక్కు గట్లనే ఉండనీ. దానికి ఊపిరాడితె చాలు."

ఎవరేమన్నా ఎదురు మాట దాచుకోని అవ్వ, నూనె గిన్నె కింద పెట్టింది. చేత్తో కళ్లు తుడుచుకుంది. (నూనె చెయ్యి కదా, అందుకే మండి నీళ్లొచ్చాయని తర్వాత అందరికీ చెప్పుకుంది.)

షహజాది అవ్వ గుడిసెలోనే గురక పెడుతూ ముసలిదయ్యింది. ముక్కు వెంట్రుకవాసి కూడా పెరగలేదు.

ఇప్పుడు నాకొక పాప. దానికి కాస్త జలుబు చేసి గుర్రుమంటే చాలు, వేలు ముక్కు కింద పెట్టి ఊపిరి చూసుకుంటూ నిద్ర మానుకుంటున్నాను. డాక్టర్లు ఏమీ లేదంటారు, నా మనసు వినదు. పోయిన వారం పుట్టింటికి వెళ్తే తానాలవ్వ కర్ర ఊతంతో పాపను చూడవచ్చింది. ఒళ్లోకి తీసుకుని, దాని ముఖం వెలుతురు వైపు తిప్పి పెదవి విరిచింది.

"ముక్కు జర చప్పిడున్నది పిల్లా. గిట్లుంటె దీన్ని విమానం ఎక్కనియ్యరు."

నేను జంతుశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నదాన్ని. ఎముకల గురించీ, ఆ రోజు డాక్టరు చెప్పిన సంగతుల గురించీ ఆమెకు వివరంగా చెబుదామని నోరు తెరిచాను. తెరిచిన నోరు మూసుకుని, నూనె గోరువెచ్చగా కాచి తేవడానికి లేచాను.