సోమవారపు రాహుకాలం

మొన్న మా కోడలు, తమ ఆఫీసులో ఎవరి ప్రయాణం వీలును బట్టి వాళ్లు పనివేళలు ఎంచుకోవచ్చని, రోడ్లమీద రద్దీ తగ్గాకే బయల్దేరతానని మామూలుగా చెబుతుంటే, నేను ఆమె ముఖంలోకి చూడలేకపోయాను.

తొంభైల చివర్లో నేను పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో గుమస్తాను. ఫ్యాక్టరీ వెనకే గది అద్దెకు తీసుకోవడంతో, బస్సు కోసం పడిగాపులంటే ఏమిటో నాకు తెలియదు. మా మేనత్త మాత్రం ఉద్దానంలో సముద్రం వైపు పల్లె నుంచి పప్పు ఒలవడానికి వచ్చేది. ఎనిమిదికి గేటు మూసేవారు; వాళ్ల ఊరి బస్సు ఆ వేళకు అందదు కాబట్టి, ఆడవాళ్లంతా చీకటితోనే లేచి, జీడితోటల గుండా పెద్దరోడ్డు దాకా నడిచి వేరే బస్సు పట్టుకునేవారు. సోమవారం మాత్రం ఆ బాధ లేదు. ఆ పొద్దుటి రాహుకాలం పోయి తొమ్మిదైతే గానీ యజమాని తాళం తీయనిచ్చేవాడు కాదు.

ఆ రోజుల్లో మన హేతువాద సంఘం వాళ్లం ఎలా ఉండేవాళ్లమో మీకు తెలుసు కదా. చర్చావేదికల్లో గ్రహాలనూ ముహూర్తాలనూ చీల్చి చెండాడి, ఆ వేడి చల్లారకుండానే ఇళ్లకు చేరేవాళ్లం. ఆ ఊపులో ఒకనాడు యజమానిని నిలదీసి, పలాస మీదుగా పోయే రైళ్లు రాహువు కోసం ఆగుతున్నాయా అని అడిగాను. ఆయన వారానికో గంట పని కలిసొస్తుందని లెక్కేసుకున్నాడేమో, ఇకనుంచి సోమవారం కూడా ఎనిమిదికే అన్నాడు. మిత్రులు నా భుజం తట్టారు.

తర్వాతి సోమవారం నేను లోపలికి అడుగుపెట్టగానే, “రాహువుని మింగేసినోడు వచ్చినాడర్రా!” అని ఎవరో అంటే ఆడవాళ్లంతా గొల్లున నవ్వారు. అత్త నవ్వలేదు. “బాగానే సెప్పినావు గానీ అల్లుడా, వారానికొక్క పొద్దు నా కూతురు నా సేత జడేయించుకుని బడికెళ్లేది. ఇప్పుడెవలేత్తారు?” అంది.

ఆ మధ్యాహ్నమే యజమాని దగ్గరికి వెళ్లి, బస్సులో వచ్చేవాళ్లకు రోజూ తొమ్మిది దాకా గేటు తెరిచి ఉంచమని బతిమాలాను. “రాహువు కోసమే ఆగక్కర్లేదన్నావు, బస్సు కోసం ఆగమంటావేటయ్యా?” అని నవ్వాడాయన. అంత వాదించిన నేను తిరిగి వచ్చి లెక్కల పుస్తకం ముందేసుకున్నాను. వేదిక మీదా ఆ మాట ఎత్తలేదు. రాహువును వెనక్కి తెస్తున్నావా అంటారని జంకాను. కొన్నాళ్లకు అత్త, పిల్ల తనంతట తనే దువ్వుకుంటుందని, దాని జుట్టు మెడదాకా కత్తిరించేసింది.

రాహుకాలాన్ని నేను ఇవాళా నమ్మను. కానీ ఆ మూఢనమ్మకం నీడన ఏ తల్లి కాస్త సేదదీరుతోందో చూడకుండా దాన్ని పీకేశాను. ఆ నీడను మరోలా ఇవ్వడం నాకు చేతకాలేదు. ఇప్పుడు ఆ పల్లెల దాకా ఆటోలు వెళుతున్నాయి, చీకట్లో నడక తప్పింది, పప్పు ఒలిచే పని చాలామటుకు యంత్రాలదైంది. అత్త కూతురికి పిల్లలు పుట్టారు. జుట్టు మాత్రం ఇప్పటికీ మెడదాకానే. పెంచుకోరాదా అంటే, “అలవాటైపోనాది బావా” అంటుంది, ఏమీ ఎరగనట్టు.