లోపల చిగురేస్తున్న రోజులు

ఆ ఉదయం అడవిలో బీడీలు చుట్టే తునికాకు కోస్తున్నాను. చిన్నప్పటి నుంచి నాకిష్టమైన ఆ పచ్చివాసనకే కడుపులో తిప్పింది. అక్కడే కూలబడ్డాను. నా భర్త వచ్చి కళ్ళలోకి చూశాడు.

“పసిరికలే. కండ్లు పసుపు పూసినట్టున్నయ్. నడువు, దవాఖానకు పోదాం.”

దగ్గరి ఊరు మద్దేడ్ దాటి జిల్లా ఆసుపత్రికి వెళ్ళాం. రక్తపరీక్షలో కాలేయం దెబ్బను చూపే బిలిరుబిన్, ఎస్‌జీపీటీ రెండూ బాగా పెరిగాయి. అల్ట్రాసౌండ్ కూడా తీసి, వైరల్ హెపటైటిస్ వల్ల వచ్చిన కామెర్లన్నారు. డాక్టరమ్మ హిందీలో, “దవా కమ్, ఆరామ్ జ్యాదా” అంది. మందు తక్కువ, విశ్రాంతి ఎక్కువ.

నా బడి చదువు ఎనిమిదితో ఆగినా, సంతకు వెళ్ళినప్పుడల్లా లైబ్రరీలో కూర్చుని శరీరం గురించి దొరికిన పుస్తకమల్లా చదివాను. ఒంట్లో అతిపెద్ద గ్రంథి కాలేయమని నాకు తెలుసు. దానికి పడుకోవడమే వైద్యమంటే మాత్రం నమ్మబుద్ధి కాలేదు.

పైగా తునికాకు కాలం. ఏడాదిలో ఆ కొద్ది రోజులే. తెల్లవారకముందే ఊరంతా అడవికి పోతే నేనొక్కదాన్నే మంచంలో. మా అత్త జావ పెట్టి వెళ్ళేది, ఒక్క మాట అనేది కాదు. పని ఎగ్గొడుతున్నానని అనుకుంటోందేమోనని ఆ మౌనమే నన్ను పొడిచేది. ఒకరోజు అందరూ వెళ్ళాక లేచి, ముందురోజు తెచ్చిన ఆకంతా వాకిట్లో పేర్చి కట్టలు కట్టాను. ఆ ఎండలో నీళ్ళు తాగడం కూడా మరిచాను.

రాత్రికి ఆగకుండా వాంతులు. మళ్ళీ ఆసుపత్రి, సెలైన్, రక్తం గడ్డకట్టే తీరు చూసే పీటీ పరీక్ష. “లివర్ ఇంకా దెబ్బతింటే రాయ్‌పూర్ పెద్దాసుపత్రికి పంపాలి” అన్నారు. బతుకుతానా అన్న భయం అప్పుడు పట్టుకుంది. ఏం చేశానో విని డాక్టరమ్మ కోప్పడలేదు. “లివర్ తనను తానే బాగుచేసుకుంటుంది. కొత్తగా పెరుగుతుంది. దానికి అడ్డం రాకు.”

ఈసారి వెంట వచ్చిన మా అత్తకు ఆ మాట తెలుగులో చెప్పాను.

“గంతేనా? తునికి మండలు కొట్టినంక ఏం జేస్తం? ఇడిసిపెడ్తం. మెత్తటి ఆకొచ్చేదాక ఎవరన్న జోలికి పోతరా?”

“పోరత్తా.”

“మరి లోపల చిగురేస్తుంటే నువ్వెందుకు గిల్లుకుంటివి బిడ్డా? నేనేమన్న అన్ననా?”

“ఏమీ అనలేదు. అందుకే లేచాను.”

“అంటె పడవు, అనకుంటె పడవు. నీతోని ఎట్లనే?”

ఆ తర్వాత నిజంగా పడుకున్నాను. కుడి పక్కటెముకల కింద చెయ్యి పెట్టుకునేదాన్ని. చప్పుడు లేదు, కదలిక లేదు. అయినా మూత్రం రంగు తేరింది, కళ్ళు తెల్లబడ్డాయి, పరీక్ష పరీక్షకూ బిలిరుబిన్ దిగింది. ఎవరి ఆజ్ఞా లేకుండా, నాకు తెలియకుండా, నాలో అంత పని జరుగుతోంది. నేను చేయవలసింది ఊరికే ఉండటమే. ఇంత పెద్ద వింత ఒంట్లో పెట్టుకుని ఇన్నాళ్ళూ తిరిగానా అనిపించేది.

ఏడాది తిరిగింది, ఇప్పుడు మళ్ళీ ఆకుకు వెళ్తున్నాను. అలిసినప్పుడు నీడన ఒరిగితే ఎవరికీ సంజాయిషీ చెప్పుకోను.

ఒక్క సలహా. డాక్టరు విశ్రాంతి అన్న రోజున ఇంట్లో పెద్దవాళ్ళను వెంట తీసుకెళ్ళండి. ఆ మాట వాళ్ళ భాషలో, వాళ్ళ చెవిన పడనివ్వండి. వాళ్ళు మిమ్మల్ని ఏమనుకుంటున్నారని మీరు కుమిలిపోతున్నారో, అది వాళ్ళు అసలు అనుకోనేలేదని అక్కడే తెలియవచ్చు.