అలగాష్ నది మీద మూడో పిలుపు

ఈ ప్రయాణం గురించి అడిగినవాళ్లందరికీ నేను ఒకే మాట చెప్పాను: "పొగమంచులో గైడ్ పిలుపు మాకు వినపడలేదు." అది అబద్ధం. వినపడింది. నా మాట నమ్మి, వినపడనంత దూరం మమ్మల్ని వదిలేసిందని మా గైడ్ డేల్‌ను ఈ ప్రయాణం నడిపిన కంపెనీవాళ్లు వచ్చే సీజన్‌కి రావద్దన్నారట. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఇంగ్లీషు ప్రతి ఒకటి ఆ కంపెనీకి పంపాను. ఇది ఆ నదికి వెళ్లాలనుకునే మనవాళ్ల కోసం.

నేను బడిలో చదివింది పదో తరగతి వరకే. మిగతాదంతా జెర్సీ సిటీలో మా వీధి చివరి లైబ్రరీ నేర్పింది. కిరాణా షాపులో కౌంటర్ పని అయ్యాక రోజూ అక్కడే కూర్చుంటాను. పోయిన చలికాలం కనూల మీద పదకొండు పుస్తకాలు పూర్తి చేశాను. కనూ అంటే రెండు కొసలూ సన్నగా ఉండే తేలిక పడవ, తెడ్డుతో నడపాలి. మెయిన్ రాష్ట్రంలోని అలగాష్ నది ఉత్తరానికి పారుతుందని చదివిన రోజే మనసు అటు లాగింది. మా అక్క కూతురు దివ్య తోడు వస్తానంది.

సెప్టెంబరులో ఒక శనివారం ఉదయం ఏడింటికి న్యూవార్క్‌లో రైలెక్కాం. మధ్యాహ్నానికి బాస్టన్. రైలు స్టేషన్ పక్కనే బస్సులు. ఒంటిగంటన్నర బస్సు ఆరింటికి బ్యాంగర్‌లో దింపింది. బస్సులో పక్క సీటు పెద్దాయన ఎక్కడికని అడిగాడు. చెప్పాను.

"అక్కడ ఫోన్లు పనిచేయవు. మనిషి గొంతు మాత్రం చాలా దూరం పోతుంది" అన్నాడు.

మోటెల్‌లో పడుకుని, ఆదివారం ఆరింటికి కంపెనీ వ్యాను ఎక్కాం. కలప లారీలు తిరిగే మట్టిరోడ్డు మీద మూడున్నర గంటలు. వెళ్లేవాళ్లు నడుముకు దిండు పెట్టుకోండి.

డేల్ అరవై దాటిన మనిషి, మాట తక్కువ. తన కనూలో తను ఒక్కతే, ఇంకోదాంట్లో మేమిద్దరం. మొదటే నియమం చెప్పింది. "నేను విజిల్ ఊదను, పేరు పెట్టి పిలుస్తాను. పిలవగానే పలకాలి. ఏడో రోజు జలపాతం వస్తుంది. దానికి ముందే కుడి ఒడ్డున దిగాలి. ఆ రేవు దాటితే నేనేమీ చేయలేను."

"పిన్నీ, పదకొండు బుక్స్ చదివావు కదా, నువ్వే స్టీర్ చెయ్యి" అని దివ్య వెనక సీటు నాకు వదిలేసింది. మొదటి గంటలో రెండుసార్లు గుండ్రంగా తిరిగాం.

పులిహోర, ఆవకాయ తీసుకెళ్లాను. వాసనకు ఎలుగుబంట్లు వస్తాయని డేల్ వాటిని గట్టి మూత ఉన్న పీపాలో పెట్టించింది. ఆవకాయ ఒక ముక్క నోట్లో వేసుకుని సీసాడు నీళ్లు తాగింది. "ఇది తిన్న ఎలుగుబంటి మళ్లీ మన జోలికి రాదు" అంది. మరుసటి పూట తనే అడిగి వేయించుకుంది.

రెండో రోజు అడవి మధ్యలో రెండు రైలింజన్లు చూశాం. తుప్పుపట్టి, పట్టాలు లేకుండా, చెట్ల నడుమ నిలబడి ఉన్నాయి. పూర్వం కలప మోయడానికి తెచ్చి వదిలేశారని నాకు తెలుసు, చదివాను. అయినా వాటి ముందు గొంతు తగ్గించే మాట్లాడాను. ఆ తర్వాత నది మీద ఎవరూ కనబడలేదు. డేల్ "లక్ష్మీ!" అనేది, నేను "ఓయ్!" అనేదాన్ని. నాలుగు వైపులా అదొక్కటే చప్పుడు.

ఏడో రోజు ఏడూ నలభైకి బయలుదేరాం. ఎనిమిదిన్నరకల్లా పొగమంచు దిగింది. నా తెడ్డు కొస నాకే కనపడలేదు. ముందున్న డేల్ కనూ మాయమైంది. దూరంగా జలపాతం హోరు మొదలైంది.

అప్పుడు వెనక నుంచి వినిపించింది: "లక్ష్మీ!"

డేల్ ముందు కదా ఉండాలి. ముందు సీట్లో దివ్య పలకబోతుంటే తెడ్డుతో వీపు తట్టాను.

"పలక్కు."

"వై, పిన్నీ? డేల్ పిలుస్తోంది!"

చిన్నప్పుడు మా అమ్మ నేర్పింది: మనిషి కనపడకుండా గొంతు మాత్రం వస్తే, మూడోసారి పిలిచేదాకా పలకకూడదు. మొదటి రెండూ మనిషివి కాకపోవచ్చు. పదకొండు పుస్తకాల్లో ఒక్కటీ ఆ క్షణం గుర్తు రాలేదు. అమ్మ మాటే గుర్తొచ్చింది.

రెండోసారి పిలుపు ఇంకా వెనక నుంచి వచ్చింది. పలకలేదు. హోరు పెరిగింది. నీళ్లు మమ్మల్ని లాక్కుపోతున్నాయి. చాలాసేపు ఏమీ లేదు.

మూడోది కుడి ఒడ్డు నుంచి, చాలా దగ్గరగా: "లక్ష్మీ!"

"ఓయ్!" అని ఇద్దరం అరిచి అటు తిప్పాం. కనూ ముక్కు గులకరాళ్లకు తగిలింది. ఎదురుగా రేవు బోర్డు. ఒడ్డున మనిషి లేదు, కనూ లేదు. తడి ఇసుకలో మా అడుగులు తప్ప వేరే అడుగులు లేవు.

పదింటికి మంచు విడింది. డేల్ అవతలి ఒడ్డున, జలపాతం అంచుకు కాస్త ఎగువన, రాళ్ల మీద కూర్చుని ఉంది. మమ్మల్ని వెతుకుతూ దిగువకు వచ్చి, జలపాతంలో పడకుండా కనూలోంచి రాళ్ల మీదికి దూకినప్పుడు ఆవిడ మణికట్టు విరిగింది. గస్తీ తిరుగుతూ అటు వచ్చిన అటవీ రేంజర్ హ్యాంక్ తన మోటారు పడవలో ఆవిణ్ణి ఇవతలికి చేర్చాడు.

"మీకోసం ఒడ్డు పక్కన ఆగాను. మంచులో మీరు నన్ను దాటిపోయారు. పిలిస్తే వినపడలేదా?" అంది డేల్.

"లేదు" అన్నాను. దివ్య నా వంక చూసి తల దించుకుంది. తర్వాత మెల్లిగా అంది. "బట్ థర్డ్ టైమ్ వినపడింది. వెంటనే ఆన్సర్ చేశాం."

డేల్ ముఖం మారింది. "నేను రెండుసార్లే పిలిచాను. పలకకపోతే, ఇక వెతకడమే అనుకున్నాను."

ఆసుపత్రిలో కంపెనీ ఫారం నింపుతూ కూడా "వినపడలేదు" అనే రాసి సంతకం పెట్టాను. అమ్మ మాట విని ఊరుకున్నానని వాళ్లకు చెప్పడానికి సిగ్గేసింది.

బ్యాంగర్ నుంచి తిరుగు బస్సు ఉదయం తొమ్మిదింటికి. చల్లటి గాలి నీటి మీద శబ్దాన్ని వంచుతుందని చదివాను. రెండో పిలుపే కొండకు తగిలి మూడోదిగా తిరిగొచ్చిందని దివ్యకు వివరించాను.

"అంత లేట్‌గానా, పిన్నీ?" అంది. మళ్లీ తనే, "డేల్ గురించి ట్రూత్ ఎప్పుడు చెప్తావు?" అంది. న్యూవార్క్ వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఇంటికి చేరాక, డేల్ పని పోయిందని తెలిసి కాగితం తీశాను.

నది అందంగా ఉంది. వెళ్లండి. పిలిస్తే మొదటిసారే పలకండి.

మాకోసం చెయ్యి విరగ్గొట్టుకున్న డేల్‌కు, పడవ తెచ్చిన హ్యాంక్‌కు, నా అబద్ధాన్ని మోసి చివరికి నిలదీసిన దివ్యకు, పుస్తకాలు వెతికిపెట్టిన లైబ్రరీ మారియాకు కృతజ్ఞతలు. ఆ ఉదయం కుడి ఒడ్డు నుంచి మమ్మల్ని పిలిచినవారికి కూడా. నా పేరు వాళ్లకు తెలుసు. వాళ్ల పేరు నాకు తెలియదు.