చిన్నాయనకు ఫీకా చాయ్

మా చిన్నాయన పోయిన నెల చనిపోయారు. ముంబయి దగ్గరి నిజాంపురా నుంచి కబురు తెచ్చినవాళ్లు "షుగర్ ఎక్కువై పోయిండు" అన్నారు. మా సొంతూరి నుంచి వచ్చిన బంధువులదీ అదే మాట. ఎక్కువై కాదు, తక్కువై పోయారని ఎంత చెప్పినా ఎవరి చెవికీ ఎక్కలేదు. షుగర్ తగ్గితే మంచిదే కదా అని నన్నే తిరిగి అడిగారు.

ఆయన అక్కడి కార్ఖానాలో సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపేవారు. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేను. అందుకు పట్టుబట్టింది ఆయనే. నా మరాఠీ పుస్తకాలకు కార్ఖానాలో మిగిలిన బట్టముక్కలతో అట్టలు వేసేవారు. చిన్న వయసులోనే ఆయనకు ఇన్సులిన్ మొదలైంది. సూది పొడుచుకుంటూ, సాంచెకు నూనె ఏసినట్టే బిడ్డా, అనేవారు.

ముంబయి ఆసుపత్రికి తోడుగా నేనే వెళ్లేదాన్ని. ఒకసారి డాక్టరమ్మ రెండు బొమ్మలు చూపించింది. ఒకటి నడుముకు పెట్టుకుంటే రోజంతా కొంచెం కొంచెంగా ఇన్సులిన్ ఎక్కించే పంపు. రెండోది పొట్ట మీద అతికించే సెన్సర్; షుగర్ పడిపోతుంటే మోగుతుందట. బయటి దేశాల్లో వాడుతున్నారు, ఇక్కడ మీలాంటివాళ్లకు దొరకడం కష్టం అంది. చిన్నాయనకు తెలుగులో చెప్పాను.

"పంపు సరే బిడ్డా, బోరు ఏడ ఏస్తరు?" అన్నారు. నవ్వి, "గా సాంచెల సప్పుడుల అది మోగితె ఎవనికి ఇనబడ్తది?"

నాకు నవ్వు రాలేదు. మోగే యంత్రం లేనప్పుడు పక్కనున్న మనుషులకైనా తెలియాలి. చెమటలు పడితే, చేతులు వణికితే వెంటనే చక్కెర ఇవ్వమని చిన్నమ్మకూ, పక్క సాంచెలు నడిపే మామకూ ఎన్నిసార్లు చెప్పానో. తల ఊపేవారు. షుగర్ ఉన్నవాడికి చక్కెరా అని తర్వాత వాళ్లలో వాళ్లే నవ్వుకునేవారు. చిన్నమ్మ ప్రేమకొద్దీ ఇంట్లో చక్కెర డబ్బానే లేకుండా చేసింది. కార్ఖానాలో అందరికీ చాయ్ వస్తే, ఆయనకు చక్కెర లేని ఫీకా చాయ్ వేరే గ్లాసులో వచ్చేది.

మా కార్ఖానాల్లో అన్నం వేళ గడియారం చెప్పదు, కరెంటు చెబుతుంది. ఆ మధ్యాహ్నం కరెంటు పోగానే చిన్నాయన సూది వేసుకుని అన్నం డబ్బా విప్పారు. ముద్ద నోట్లో పెట్టకముందే కరెంటు వచ్చింది. డబ్బా మూసి సాంచెల దగ్గరికి వెళ్లిపోయారు. తిండి పడని ఒంట్లో సూదిమందు షుగర్‌ను దించేసింది; కాసేపటికి ఒళ్లంతా చెమట. చక్కెర వేసిన మీఠా చాయ్ కావాలని అడిగారట.

"మస్తు బతిమిలాడిండు బిడ్డా," అన్నాడు మామ ఏడుస్తూ. "నేను ఇయ్యలే. ఫీకానే తాపిన."

చివరిదాకా కాపాడాననే అనుకుంటున్నాడు.

పోయినవాళ్ల పేర కాకి ముట్టాలని పిట్టకు పెట్టిన రోజు వరాలా తలావ్ చెరువు గట్టున ఆయనకు ఇష్టమైనవన్నీ విస్తరిలో వడ్డించారు. నేను ఒక లడ్డూ పెట్టాను. చిన్నమ్మ కళ్లు తుడుచుకుంటూ వంగి, "ఆయనకు షుగర్ ఉండె గద" అని దాన్ని తీసేసింది. అందరం దూరంగా జరిగి నిలబడ్డాం. కాకి దిగేదాకా ఆ లడ్డూ ఆమె గుప్పిట్లో పొడిపొడి అవుతూనే ఉంది.