నూట పన్నెండో పేజీ

మా దీవిలో ఆడవాళ్ళు చెట్టు బెరడును కొట్టి కొట్టి బట్ట చేస్తారు. దాన్ని మాసీ అంటాం. మా ఇంటి పిల్ల తోరికా చిన్నతనమంతా ఆ చప్పుడులోనే తడిసింది. కానీ ఆమె చేతికి కొయ్యసుత్తి కాక పుస్తకం వచ్చింది. మా ఊరి నుంచి రాజధాని సువాకు వెళ్ళి మేధోసంపత్తి హక్కుల చట్టంలో మాస్టర్స్ చదివిన మొదటి మనిషి ఆమే.

తోరికా మేనత్త సెరువాయా దగ్గర మాసీ మీద బొమ్మలు వేసే ఐదు అచ్చులుండేవి. ఆసుపత్రిలో పారేసిన ఎక్స్‌రే ఫిల్ములను కత్తిరించి చేసినవి. వెలుగుకు పట్టుకుంటే పువ్వుల మధ్య ఎవరివో పక్కటెముకలు కనిపించేవి. నాలుగు అచ్చులు పెళ్ళిళ్ళకు. ఐదోది మా వంశపు ఆడది కన్నుమూస్తేనే పెట్టె దాటేది. ఆ బొమ్మ వేసిన మాసీలో చుట్టి ఆమెను మట్టికిచ్చేవాళ్ళం.

తోరికా తన పరిశోధన వ్యాసం ఆ బొమ్మల మీదే రాసింది. పేరు తెలియని ముత్తవ్వలు గీసిన గీతలు చట్టం ముందు ఎవరి సొత్తు? ఆధారాలు చాలవని ఆచార్యుడు తిప్పి పంపాడు. సెలవుల్లో తోరికా ఊరికి వచ్చి అత్త పక్కన చేరింది.

"ఏమే లాయరమ్మా, పెట్టెకేసే చూస్తన్నావు? నాలుగూ కొలుచుకున్నావుగా!"

"ఐదోది కూడా కావాలత్తా. రాసిపెట్టకపోతే రేపు ఎవడో వచ్చి నాదంటాడు."

"అది చచ్చిపోయినోళ్ళదే. పోయి వాళ్ళనడుగు."

"నువ్వొక్కదానివే దాచుకుంటే చాలా? రేపు నువ్వు పోతే?"

అత్త నవ్వు ఆగిపోయింది. పెట్టె తాళంచెవి తోరికా ఒళ్ళో పడేసింది. "నువ్వు చూసుకో. ఇంకోళ్ళకి చూపించమాక."

ఐదో బొమ్మ కూడా చేరిన వ్యాసం అప్పగించే రోజు ఒక కాగితం నింపాలి. దీన్ని ఎవరెవరు చదవవచ్చు? 'పరీక్షకులు మాత్రమే' అన్న గడి ఉంది. 'అందరూ' అన్న గడీ ఉంది. లోకమంతా చూస్తే ఇక ఎవరూ దొంగిలించలేరనుకుంది తోరికా. రెండో గడిలో గీత పెట్టింది. పట్టా వచ్చింది.

రెండేళ్ళకు సువాలో ఒక దుకాణం ముందు నిలబడిపోయింది. మంచం మీద పరిచే దుప్పట్లు, నడుమెత్తు దొంతర. వాటి మీద ఐదో అచ్చు బొమ్మ.

లాయరుగా ఆమె రాసిన మొదటి అభ్యంతర పత్రం ఆ దుప్పట్ల కంపెనీకే. జవాబు రెండు వాక్యాలు. 'ఈ బొమ్మను కొలతలతో సహా మీరే అందరి ముందూ పెట్టారు. మీ వ్యాసం నూట పన్నెండో పేజీ చూడండి.'

ఆ ఉత్తరం పట్టుకుని పడవెక్కింది. అత్తకు మా భాషలో చదివి వినిపించింది. అత్త ఒకటే అడిగింది.

"దాని మీద పడుకుంటారటే?"

"పడుకుంటారత్తా."

తుపాన్ల నెలలో సెరువాయా మంచం పట్టింది. "నాకు బొమ్మ వద్దు. తెల్లదాంట్లో చుట్టండి" అంది.

ఆ బట్టను తోరికా తనే కొట్టింది. అలవాటు లేని చేతులు, మూడు రోజులు, బొబ్బలు చితికి బెరడు మీద ఎర్రటి మరకలు. కడిగితే పోయాయి. అత్తను గుంటలోకి దించేటప్పుడు ఆడవాళ్ళందరూ అలవాటుగా ముందుకు వంగి బొమ్మ కోసం చూశారు. ఏమీ లేదు. వెన్నెలంత ఖాళీ తెలుపు, దాని మీద మొదటి గుప్పెడు మట్టి.